అమ్మాయి చేసిన వీడియో మీరు చూశారా?

ప్రశ్న: మా అమ్మాయి విజయవాడలో ఇంటర్ రెండో సంవత్సరం ఎంపీసీ చదువుతోంది. మార్కులు బాగానే వస్తాయి. కానీ ఇంజినీరింగ్ వద్దని, మోషన్ డిజైన్, యానిమేషన్ నేర్చుకుంటానని పట్టుబడుతోంది. హైదరాబాదులో ఒక ప్రైవేటు సంస్థ మూడేళ్ళ డిగ్రీకి 6 లక్షలు అడుగుతోంది, నూటికి నూరు శాతం ఉద్యోగం గ్యారంటీ అంటోంది. సీటు ఖాయం కావాలంటే ఈ నెలాఖరులోగా 50 వేలు కట్టాలట. బీటెక్ కంప్యూటర్ సైన్స్ మంచిదా, ఇది మంచిదా? రెండింటినీ పోల్చి చెప్పగలరు. ఆడపిల్ల కదా, స్టూడియోల్లో రాత్రిళ్ళు పని ఉంటుందని విన్నాం. మా బంధువుల పిల్లలందరూ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నారు.
– ఒక తండ్రి, నరసరావుపేట

జవాబు: పోలిక చెబుతాను, కానీ ముందు ఒక మాట. మీ ఉత్తరంలో ఫీజు ఉంది, మార్కులు ఉన్నాయి, బంధువుల పిల్లలు కూడా ఉన్నారు. అమ్మాయి ఇంతవరకు ఏం తయారు చేసిందో మాత్రం ఒక్క ముక్క లేదు. ఈ రంగం కోసం ఇంత పట్టుబట్టే పిల్ల ఫోనులోనో లాప్‌టాప్‌లోనో ఏదో ఒకటి చేసే ఉంటుంది. మీరు అడగలేదు, ఆమె చూపించలేదు. ఇదే ప్రశ్నతో నా దగ్గరకు వచ్చే తండ్రుల్లో చాలామంది పరిస్థితి ఇదే.

మీ అసలు భయం జీతం గురించి కాదని నాకు అనిపిస్తోంది. ఇంజినీరింగ్ అయితే ర్యాంకు, కాలేజీ పేరు, ప్యాకేజీ అని మీ దగ్గర కొలతలు ఉన్నాయి. ఇందులో పిల్ల బాగా చేస్తోందో లేదో మీకు తెలియడం లేదు. తెలియని చోట భయం సహజమే, దానికి మిమ్మల్ని తప్పు పట్టను. ఆ తెలియనితనాన్ని 6 లక్షలు పోసి పోగొట్టుకోవాలనుకోవడమే నాకు నచ్చలేదు. పెద్ద ఫీజు కడితే పెద్ద చదువు అయిపోతుందన్న ధీమాను ఆ సంస్థ మీకు అమ్ముతోంది.

కొలత కావాలంటే నేనే ఇస్తాను. రెండు బంతులు కిందపడి ఎగిరే చిన్న వీడియో చేయమని అమ్మాయిని అడగండి. ఒకటి రబ్బరు బంతి, రెండోది ఇనుప గుండు. రెండూ ఒకే ఆకారం, ఒకే రంగు. కదలిక చూసి మాత్రమే ఏది ఏదో మీరు చెప్పగలగాలి. యానిమేషన్ విద్యార్థులకు ప్రపంచమంతటా మొదటగా ఇచ్చే అభ్యాసం ఇదే. ఇనుప గుండు ఎలా పడుతుందో మీకు తెలుసు కాబట్టి మీరు నిర్భయంగా తీర్పు చెప్పవచ్చు. తేలిపోతున్నట్టు ఉంటే ఆ మాటే అనండి. ఆ తర్వాత ఆమె ఏం చేస్తుందో గమనించండి. అలిగి వదిలేస్తుందా, లేక రాత్రి మళ్ళీ కూర్చుని దిద్దుతుందా? సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. ఎక్కడ నెమ్మదించాలి, ఎక్కడ వేగం అందుకోవాలి అని ఒక్క సెకను కోసం గంటలు దిద్దే ఓపిక ఉన్నవాళ్ళే ఇందులో నిలుస్తారు. గీయడం గొప్పగా రాకపోయినా నెట్టుకురావచ్చు, ఆ ఓపిక లేకపోతే కుదరదు.

ఇక రంగం సంగతి. యానిమేషన్ అనగానే మీకు చోటా భీమ్ గుర్తొచ్చి ఉంటాడు. 2008లో మొదలైన ఆ సీరియల్‌ను తయారు చేసింది హైదరాబాదు సంస్థ గ్రీన్ గోల్డే. పాత్రలను నడిపించే ఆ పని ఒక దారి. సినిమాల్లో విజువల్ ఎఫెక్ట్స్ ఇంకొక దారి. మోషన్ డిజైన్ ఈ రెండింటికీ పక్కనే ఉండే మూడో దారి. మీరు ఫోనులో డబ్బు పంపగానే తెర మీద టిక్ గుర్తు చకచకా గీసుకుని ఆగుతుంది కదా, అది ఎంత వేగంగా వచ్చి ఎలా ఆగాలో ఒక మోషన్ డిజైనర్ నిర్ణయించాడు. సినిమా మోషన్ పోస్టరు, లిరికల్ వీడియో, టైటిల్స్, వార్తా చానెల్లో ఎన్నికల ఫలితాల గ్రాఫిక్స్, ఆసుపత్రి ప్రకటన, పెళ్ళి పిలుపు వీడియో అన్నీ ఈ పనిలోవే. పని ఇచ్చేవాళ్ళు ఇంతమంది ఉండటమే దీని బలం. ఒక పరిశ్రమ పడుకున్నా మరో పరిశ్రమ దగ్గరకు వెళ్ళవచ్చు.

విజువల్ ఎఫెక్ట్స్ అలా కాదు. దాని మీద నాకు మొదటి నుంచీ అనుమానాలున్నాయి. కోర్సులు అమ్మేవాళ్ళు ఎక్కువగా చూపించేది ఆ తళుకులనే కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. హాలీవుడ్ సంస్థ రిథమ్ అండ్ హ్యూస్‌కు హైదరాబాదులో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ సంస్థ దివాలా పిటిషన్ వేసింది. అదే నెలలో, తాను పనిచేసిన ‘లైఫ్ ఆఫ్ పై’ సినిమాకు విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కారు అందుకుంది. పని బాగోలేక మునగలేదు. ముందే ఖాయమైన మొత్తానికి పని ఒప్పుకుని, దర్శకుడు అడిగినన్ని మార్పులు చేస్తూ పోవాల్సిన పద్ధతి ఆ వ్యాపారాన్ని నలిపేసింది. పన్నెండేళ్ళ తర్వాత, 2025 ఫిబ్రవరిలో ఇదే రంగంలోని పెద్ద సంస్థ టెక్నికలర్ గ్రూపు కుప్పకూలినప్పుడు బెంగళూరు, ముంబై స్టూడియోల్లో వేలమంది ఒక్కసారిగా రోడ్డున పడ్డారు. వాళ్ళలో అనుభవజ్ఞులు, మంచి పనివాళ్ళు ఎందరో ఉన్నారు.

మన దగ్గర కొత్తవాళ్ళకు అందులో ముందు దొరికేది రోటో పని. తెర మీది మనిషి అంచు వెంట ఫ్రేము ఫ్రేముకూ గీత గీసి, వెనకనున్న దృశ్యం నుంచి వేరు చేయడం. నేను చూసిన పిల్లల్లో దీనికి మొదటి జీతం 20 వేలు దాటినవాళ్ళు తక్కువ. ఆ ‘నూరు శాతం ఉద్యోగం’ చాలా చోట్ల ఇదే. పైగా కృత్రిమ మేధ ముందుగా మింగేస్తున్నదీ ఈ పనినే. మూడేళ్ళు చదివి, యంత్రం నేర్చేసుకున్న పనిలో చేరడం ఎందుకు?

మరి మోషన్ డిజైన్‌ను మాత్రం యంత్రం వదులుతుందా అని అడుగుతారు. వదలదు. మామూలు నేపథ్య వీడియోలు, చౌకరకం ప్రకటనలు ఇప్పటికే దాని చేతిలోకి పోతున్నాయి. అయితే ‘అంతా ఇలాగే ఉంచి ఆ ఒక్క అక్షరం కాస్త ఆలస్యంగా రావాలి’ అని నిర్మాత అడిగినప్పుడు, ఆ ఒక్కటే మార్చి మిగతాది చెదరకుండా చూడటానికి ఇప్పటికీ మనిషే కావాలి. అసలు ఏం చూపించాలో తేల్చడానికీ, స్టోరీబోర్డు, అంటే దృశ్యాల వరుసను బొమ్మలుగా గీయడానికీ, పాట తాళానికి మాటను అందించడానికీ అంతే. రేపటికి హామీ నేనివ్వను. కంప్యూటర్ సైన్సుకు మాత్రం ఎవరిచ్చారు? కొత్తగా చేరే ప్రోగ్రామర్లనూ ఇదే భయం వెంటాడుతోంది.

మన పిల్లలకు ఇందులో ఒక అవకాశం ఉంది, దాన్ని చాలామంది పట్టించుకోరు: తెలుగు అక్షరం. ఇంగ్లిషు అక్షరాలను ఒక్కొక్కటిగా ఎగరేసే ఎఫెక్టును ‘స్త్రీ’ అనే మాట మీద వేస్తే గుడిదీర్ఘం ఒకవైపు, ఒత్తులు ఒకవైపు చెల్లాచెదురవుతాయి. మోషన్ డిజైనర్లు వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లో భారతీయ లిపులకు తగ్గ సెట్టింగు మార్చుకోకపోతే మామూలు మాటే తప్పుగా కనిపించవచ్చు. ఇవి తెలిసి, రామభద్ర, మల్లన్న, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో తెలుగు మాటను అందంగా కదిలించగల అమ్మాయికి లిరికల్ వీడియోల దగ్గర, చానెళ్ళ దగ్గర విలువ ఉంటుంది. టీవీ తెర మీద ఒత్తు తప్పిన శీర్షిక చూసినప్పుడల్లా నాకు చిరాకేస్తుంది. అక్కడొక ఉద్యోగం ఖాళీగా ఉందనీ అనిపిస్తుంది.

ఇప్పుడు మీరడిగిన పోలిక. బీటెక్‌లో మొదటి ఉద్యోగానికి దారి తెలిసినది, జీతం సాధారణంగా ఎక్కువ. మోషన్ డిజైన్‌లో మొదటి రెండు మూడేళ్ళు తక్కువ సంపాదనతో సాగుతాయి, ఆ తర్వాత మనిషికీ మనిషికీ మధ్య తేడా చాలా పెరుగుతుంది. రెండూ శత్రువులని మాత్రం అనుకోవద్దు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో కదలికను నడిపే చిన్న కోడు ముక్కలు (ఎక్స్‌ప్రెషన్లు) రాసేది జావాస్క్రిప్టులో, బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో పనులు తేలిక చేసుకునేది పైథాన్‌తో. కోడు రాయగల యానిమేటర్‌ను స్టూడియోలు తొందరగా వదులుకోవు. అమ్మాయి ఇష్టపడి ఒప్పుకుంటే బీటెక్ చేస్తూనే ఇది నేర్చుకోవచ్చు. ఒప్పుకోకపోతే బలవంతాన చేర్చి, బ్యాక్‌లాగులు పడ్డాక నాకు మళ్ళీ ఉత్తరం రాయకండి.

డిజైన్‌లోనే డిగ్రీ కావాలంటే ఎంపీసీ ఆమెకు అడ్డు కాదు. ఐఐటీ హైదరాబాదులో బీడిజైన్ ఉంది. అమరావతిలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ (ఎన్‌ఐడీ) ఆంధ్రప్రదేశ్ ఉంది. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ (జేఎన్‌ఏఎఫ్‌ఏయూ)లో యానిమేషన్ బీఎఫ్‌ఏ, అంటే లలితకళల డిగ్రీ ఉంది. ప్రవేశ పరీక్షల వివరాలు వాళ్ళ వెబ్‌సైట్లలో దొరుకుతాయి, మీకంటే ముందే మీ అమ్మాయి చూసి ఉంటుంది. సీటు రాకపోయినా కొంప మునగదు. ఉద్యోగం ఇచ్చేవాళ్ళు ముందు చూసేది షోరీల్, అంటే తన పనిలో మేలైనది ఏరి కూర్చిన నిమిషం వీడియో. పట్టా సంగతి ఆ తర్వాతే.

సాఫ్ట్‌వేర్ ఖర్చు గురించి బెంగ వద్దు. 2025లో ఉత్తమ యానిమేషన్ చిత్రంగా ఆస్కారు గెలిచిన లాట్వియా సినిమా ‘ఫ్లో’ను బ్లెండర్‌లో చేశారు. ఆ సాఫ్ట్‌వేర్‌ను మీ అమ్మాయి ఈ సాయంత్రమే పైసా ఖర్చు లేకుండా దించుకోవచ్చు. మీరు పెట్టాల్సిన ఖర్చు మంచి గ్రాఫిక్స్ కార్డు, కనీసం 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటరు, గీయడానికి ఒక పెన్ టాబ్లెట్. అవి కొనడం కూడా ఇంటర్ పరీక్షలు అయ్యాకే.

ఆడపిల్ల, రాత్రి పని అన్నారు. హీరో పుట్టినరోజు ముందు రోజు రాత్రి మోషన్ పోస్టరు చేసే చోట ఎవరూ నిద్రపోరు, నిజమే. కానీ మీ బంధువుల అమ్మాయిలు అమెరికా వేళలకు పనిచేసి అర్ధరాత్రి కంపెనీ క్యాబుల్లో ఇంటికి వస్తున్నప్పుడు మీరు మెచ్చుకుంటూనే ఉన్నారు కదా! అది జీతం, ఇది చెడిపోవడమా? రాత్రి భయమే అసలు కారణమైతే ఆ రెండింటికీ ఒకే న్యాయం ఉండాలి. బంధువులకు ఏం చెప్పాలన్నదే కారణమైతే ఆ మాటే ఒప్పుకోండి, పిల్ల మీదకు నెట్టకండి. పైగా ఈ పనిలో చాలా భాగం ఇంటి నుంచే చేసుకోవచ్చు. అలా చేసేవాళ్ళు ముందు సగం డబ్బు తీసుకోవడం, ఎన్నిసార్లు కరెక్షన్లు చేస్తారో ముందే రాసుకోవడం నేర్చుకోవాలి. ఆ సంగతి కాలేజీల్లో చెప్పరు. లెక్కలు తెలిసిన తండ్రిగా మీరు నేర్పవచ్చు.

పదిహేడేళ్ళ పిల్ల తనకేం కావాలో స్పష్టంగా చెప్పగలుగుతోంది, మార్కులూ తెచ్చుకుంటోంది. నిజానికి మీ ఇంట్లో పెద్ద సమస్యేమీ లేదు. ఒకవేళ ఏడాది తర్వాత మనసు మారినా ఆ ఎంపీసీ ఎక్కడికీ పోదు.

ఆ 50 వేలు మాత్రం ఈ నెలాఖరుకు కట్టకండి. గడువు పెట్టి తొందరపెట్టే చోట ఇంకాస్త ఆలస్యం చేయడమే మంచిది. పరీక్షలయ్యాక అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ సంస్థకు వెళ్ళండి. గోడ మీది ఫొటోలు కాదు, నిరుడు చదువు ముగించిన విద్యార్థుల షోరీళ్ళు చూపించమనండి. ఎంపిక చేసినవి వద్దు, తరగతి మొత్తానివి అడగండి. వాళ్ళిప్పుడు ఏ సంస్థలో, ఏ పనిలో, ఎంత జీతానికి ఉన్నారో పిల్లలతోనే ఫోనులో మాట్లాడించమనండి. పాఠం చెప్పేవాళ్ళు స్టూడియోలో పనిచేసినవాళ్ళా, లేక నిరుడు అక్కడే కోర్సు ముగించినవాళ్ళా అన్నది అమ్మాయి కనుక్కోగలదు. మధ్యలో మానేస్తే ఎంత తిరిగిస్తారో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే లేచి వచ్చేయండి.