తుప్పు గీకే అబ్బికి ఒక ఉత్తరం

కడప

అబ్బీ,

నీ కథ అందింది. పన్నెండు పేజీలూ రెండుసార్లు చదివాను. మొదటిసారి మంచం మీద పడుకుని, రెండోసారి పెన్సిలు పట్టుకుని. మీ నాయన వారం నుంచి ఫోన్ చేసి "బావా, మావాడు రాసింది బాగుందా లేదా, ఒక్క మాట చెప్పు" అని ప్రాణం తీస్తున్నాడు. ఏం చెప్పాలో తోచక "అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి" అన్నాను. నీకు మాత్రం ఉన్నదున్నట్టు చెప్తాను.

నీ కథలో తుపాను ఉంది. కొండంత అల ఉంది. కెప్టెన్ ప్రాణం ఇచ్చేస్తాడు. ఇందులో ఒక్కటీ నువ్వు చూసింది కాదు. నేవీ ఓడెక్కి ఏడు నెలలైంది, అందులో సగానికి పైగా ఓడ రేవులో కట్టేసే ఉంది అని నువ్వే చెప్పావు. ఆ రోజులు ఒక్కటి కూడా కథలోకి రాలేదు. అడిగితే "అక్కడేముంది మామా, పొద్దున లేస్తే ఊడ్చడం, తుడవడం, రంగేయడం" అన్నావు.

నా పెన్సిలు ఒక్కచోట ఆగింది. ఏడో పేజీలో. పొద్దున ఎనిమిదికి జెండా ఎగరేసే వేళ పైప్, అదే మీ ఈల, మోగుతుంది. ఎక్కడివాళ్ళు అక్కడ ఓడ వెనకవైపు తిరిగి నిలబడిపోతారు. నీ కథలోని కుర్రాడి చేతిలో బ్రష్ ఉంది. దాని కొస నుంచి బూడిదరంగు చుక్క ఒకటి బూటు మీదికి జారుతోంది. వాడు కదలడానికి లేదు. నువ్వు దీన్ని రెండు వాక్యాల్లో చెప్పేసి తుపాను దగ్గరికి పరిగెత్తావు. నేను ఆ బూటు దగ్గరే ఉండిపోయాను. ఆ రంగు ఆరకముందే తుడిచాడా? పైవాడు, ఆ చీఫ్, చూశాడా? అది తెలియక తర్వాతి ఐదు పేజీలూ నాకు బుర్రకెక్కలేదు.

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. కండక్టరుగా చేరిన కొత్తలో, గువ్వలచెరువు ఘాట్‌లో బస్సు లోయలో పడి ముప్పై మంది పోయినట్టు ఒక కథ రాసి వారపత్రికకు పంపాను. తిరుగు టపాలో వచ్చింది. అంచున ఎర్ర ఇంకుతో "మీరు ఆ బస్సులో ఉన్నారా?" అని ఒకటే ప్రశ్న. ఎంత కోపమంటే, నెల రోజులు అదే రూట్లో తిరుగుతూ కూడా గువ్వలచెరువు పాలకోవా ముట్టలేదు. (కోవా ఏం పాపం చేసిందో నాకిప్పటికీ తెలీదు.) తర్వాత వేరే కథ రాశాను. రాత్రి పదకొండుకు డిపోలో బస్సు పెట్టాక కండక్టరు బల్బు కింద చిల్లర లెక్కపెడుతుంటాడు. మూడు రూపాయల పావలా తక్కువ వస్తుంది. ఎవరికి ఎక్కువిచ్చానా అని రాయచోటి నుంచి ఒక్కో స్టేజీ, ఒక్కో ముఖం గుర్తు చేసుకుంటాడు. అంతే. అది అచ్చయింది. ఆగి ఉన్న బస్సు మీద కథ వస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు కాబట్టి నీకు చెప్తున్నాను.

ఇప్పుడు నీ సుత్తి సంగతికి వద్దాం. మీ నాయన ఎర్రగుంట్ల దగ్గర గనిలో నాపరాయి పొరలు లేపుతాడు. ఉలి ఎక్కడ పెడితే బండ పగలకుండా పొర లేస్తుందో ఆయన చేతికి తెలుసు. ఆ పని నీకు రాకూడదనే కదా నిన్ను చదివించింది, నువ్వు ఒడిశాలో చిల్కా దాకా పోయి ట్రైనింగ్ అయింది. తీరా ఓడెక్కాక నీ చేతికిచ్చింది మళ్ళీ సుత్తే. ఎండకు కాలే ఇనుము మీద గొంతుక్కూర్చుని చిప్పింగ్. టకటకా కొట్టి తుప్పు లేపాలి, వైరు బ్రష్‌తో రుద్దాలి, ప్రైమరు పట్టించాలి, దాని మీద బూడిద రంగు. ఈ చివర నుంచి ఆ చివరకు పోయేసరికి ఈ చివర మళ్ళీ తుప్పు మొదలు. ఒకసారి ఫోన్‌లో "తుప్పు కూడా నాపరాయి మాదిరే పొరలు పొరలుగా లేస్తుంది మామా" అన్నావు. ఆ మాట వినగానే నేను లేచి కూర్చున్నాను. కథలో అది ఏది? కడపలో పుట్టి, ఆ గనుల పక్కన పెరిగి, ఇనుము మీద తుప్పు చూసి రాయి గుర్తుకొచ్చేవాళ్ళు మీ ఓడలో ఇంకెవరున్నారు చెప్పు.

నీళ్ళ సంగతీ అంతే. సముద్రంలో ఉన్నప్పుడు ఓడ తన మంచినీళ్ళు తానే చేసుకోవాలి, ఉప్పునీటిని ప్లాంటులో శుద్ధి చేసి వాడుకుంటారు, బకెట్టు బకెట్టుకూ లెక్క. రేవుకొస్తే గట్టు మీది నుంచి పైపు వేసి ట్యాంకులు నింపుతారు. ఆ రోజు కుర్రాళ్ళంతా తీరిగ్గా స్నానం చేసి బట్టలుతుక్కుంటారని నువ్వు నవ్వుతూ చెప్పావు. నాకు మీ వీధిలో ట్యాంకరు వచ్చిన రోజు కనిపించింది. మీ అమ్మ బిందెలు వరుసగా పెట్టి కొంగు నడుముకు దోపుకుని నిలబడేది. చుట్టూ సముద్రం పెట్టుకుని నీళ్ళు లెక్కపెట్టుకోవడం ఏ ఊరివాడికైనా వింతే, మన ఊరివాడికి వింత కాదు. దాన్ని పోలిక పెట్టి విడమరచి చెప్పొద్దు. కుర్రాడు కొళాయి కట్టేసే తీరు రాయి చాలు.

ఇంకొకటి, కట్టేసిన ఓడ కదలదని నువ్వు ఒకచోట రాశావు. అది తప్పని నీకే బాగా తెలుసు. పోటుకు ఓడ పైకి లేస్తుంది, పాటుకు దిగుతుంది. విశాఖలో ఆ తేడా మీటరుకు అటూ ఇటూ ఉంటుంది. తాళ్ళు బిగుసుకుంటాయి, వదులవుతాయి. రాత్రి డ్యూటీలో ఉన్నవాడు వాటిని చూసుకోవాలి. మీ అవ్వ ఎనుమును గుంజకు కట్టేటప్పుడు పలుపు ఎంత వదలాలో చూసి కట్టేది, గుర్తుందా? ఒక డిసెంబరులో నేను సభకని విశాఖ వచ్చి, నేవీ డే రోజుల్లో జనాన్ని ఓడ ఎక్కనిస్తుంటే లైన్లో నిలబడి ఎక్కాను. ఆ తాళ్ళ మీద గుండ్రటి రేకులు చూసి ఏమిటని అడిగితే, ఎలుకలు తాడు పట్టుకుని ఓడలోకి రాకుండా అని చెప్పారు. అందరూ ఫిరంగి దగ్గర ఫొటోలు దిగుతున్నారు. నేనేమో ఒక మూల తీగ మీద ఎవరో మరిచిపోయిన తడి బనియన్ చూస్తూ నిలబడ్డాను. ఆ బనియన్ తీయనందుకు ఆ కుర్రాడు ఆ సాయంత్రం ఎన్ని తిట్లు తిన్నాడో!

మాటల విషయంలో భయపడకు. లిబర్టీ అనే చోట "తీర విహార అనుమతి" అని రాశావు. మీ మెస్ డెక్‌లో ఎవరైనా అలా అంటే నవ్వరూ? వంటగదిని గ్యాలీ అంటే గ్యాలీయే, పడక బంకు అయితే బంకే. లంగరు, సరంగు, కళాసీ కూడా ఎక్కడెక్కడి నుంచో వచ్చినవే, ఇప్పుడు మనవి. మన కడపలో కాపురమున్న బ్రౌన్ దొర, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటల కోసం విడిగా ఒక నిఘంటువే 1854లో అచ్చు వేయించాడు. ఆయనకు లేని మొహమాటం నీకెందుకు? మూడంతస్తుల బంకుల్లో పై బంకు బిహారు వాడిదనీ, కింది బంకు కేరళ వాడిదనీ, నువ్వు మన వీధి ఉర్దూలో వద్దు అనడానికి "నక్కో" అంటే ఇద్దరూ పడీ పడీ నవ్వారనీ చెప్పావే, ఆ నవ్వు రాయి. ఆ రోజు నీకు ఏడుపొచ్చిందని కూడా మీ అమ్మకు చెప్పావట. అదీ రాయి.

ఒక జాగ్రత్త. ఓడ పేరు, ఎప్పుడు బయల్దేరుతుంది, ఎటు పోతుంది, లోపల ఏ యంత్రం ఎక్కడుంది, ఇవేవీ కథలో వద్దు. ఉత్తరంలోనూ వద్దు, నాకు కూడా. 2019 డిసెంబరులో సోషల్ మీడియా పరిచయాలకు లొంగి సమాచారం ఇచ్చారన్న కేసులో కొందరు నావికులను అరెస్టు చేశారు, ఆ నెలలోనే నేవీ తన వాళ్ళకు ఫేస్‌బుక్ వద్దంది. నువ్వు ఉద్యోగంలో ఉండగా అచ్చుకు పంపే ముందు మీ పై ఆఫీసరును అడిగి అనుమతి తీసుకో. ఇదేదో నీ చేతులు కట్టేయడం అనుకోకు. నా చిల్లర కథలో బస్సు నంబరు లేదు, ఎవరూ అడగలేదు.

నాలుగేళ్ళ సంగతి మాత్రం కథలో దాచావెందుకో అర్థం కాలేదు. నువ్వు అగ్నివీర్‌వి. నాలుగేళ్ళయ్యాక నూటికి ఇరవై ఐదు మందికి మించి ఉంచుకోరు. నీకది టెన్షనే, మీ నాయనకు అంతకంటే టెన్షన్. పక్క బంకువాడితో లిబర్టీకి కలిసి పోతావు, బీచ్ రోడ్డులో ఒకే ప్లేటు బజ్జీలు పంచుకుంటావు. కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం ముందు జనం టికెట్టు కొని లోపలి ఇరుకు బంకులు చూడటానికి వరుసలో ఉంటారు. మీరిద్దరూ అలాంటి బంకుల్లోంచే దిగొచ్చి వాళ్ళ పక్కనుంచి నడిచిపోతుంటారు. ఆ నడకలో ఇద్దరి మనసులోనూ ఒకటే లెక్క నడుస్తుంటుంది, నలుగురిలో ఒక్కడు. ఎవరూ పైకి అనరు. నా మట్టుకు నాకు ఆ తుపాను కంటే ఈ నడక పెద్దది. అయితే దీన్ని ఇప్పుడే రాయమని తొందరపెట్టను. నోట్‌బుక్కులో రెండు ముక్కలు వేసి పెట్టుకో.

రాసే టైము లేదన్నావు. ఉంటుంది. డ్యూటీ వాచ్ పడి బయటికి పోలేని ఆదివారాలు ఉన్నాయి కదా. ఓడెక్కే దారి, ఆ గ్యాంగ్‌వే దగ్గర నిలబడిన నాలుగు గంటల్లో ఎవరెవరు ఎక్కారో, ఎక్కేటప్పుడు ఎవరి సెల్యూట్ ఎలా ఉందో, లిబర్టీ నుంచి ఆలస్యంగా వచ్చినవాడు ఏ సాకు చెప్పాడో దిగాక రాసుకో. గట్టు నుంచి కరెంటు తీసుకుని జనరేటరు ఆపేసిన రాత్రి, చప్పుడు ఆగిందని నిద్ర పట్టలేదన్నావు. అది ఒక్క పేజీ వస్తుంది. ఒక్క పేజీయే చాలు.

మీ అమ్మ చెనిక్కాయల ఊరిబిండి డబ్బా కట్టి పెట్టింది. మన వీధి కుర్రాడొకడు శనివారం తిరుమల ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ వస్తున్నాడు, వాడి చేతికిస్తాను. గేటు దగ్గరికి వచ్చి తీసుకో. కేరళ అబ్బికీ బిహారు అబ్బికీ కూడా పెట్టు, కారం గురించి ముందే చెప్పి మరీ.

ఆ ఏడో పేజీ మళ్ళీ రాసి పంపు. ఇంకో సందేహం కూడా ఉంది. సాయంత్రానికి డెక్ మీద అంత తుప్పు పెచ్చు పోగవుతుంది కదా, దాన్ని ఊడ్చి ఎక్కడ పోస్తారు? మీ నాయన అడుగుతున్నాడు. గనిలో రాతి పెళ్ళలు కుప్పలు పడి ఉంటాయి కదా, అందుకని.

మీ మామ