ఎక్కాలకు ముందు పిల్లలకు చుక్కల వరుసలు ఎందుకు చూపించాలి?

ఎక్కాలు కంఠస్థం చేయించే ముందు అడ్డు, నిలువు వరుసలుగా పేర్చిన చుక్కలను చూపించాలి, ఎందుకంటే గుణకారమంటే సమానమైన గుంపులను కూడడమేనన్న సంగతి అప్పుడు పిల్లల కంటికి కనిపిస్తుంది. 6 × 7 = 42 అని వల్లించడం మాత్రమే తెలిసిన పిల్లలకు, ఆ 42 ఎలా వచ్చిందో తెలియకపోతే, మరచిపోయినప్పుడు దాన్ని తిరిగి రాబట్టుకునే దారి ఉండదు.

ఉదాహరణకు, వరుసకు 7 చొప్పున 6 వరుసల చుక్కలు పెట్టి, ఐదో వరుస కింద గీత గీయండి. పైన 35, కింద 7, మొత్తం 42 అని పిల్లలే చెప్పగలుగుతారు. అదే కాగితాన్ని పక్కకు తిప్పితే 6 చుక్కల వరుసలు 7 కనిపిస్తాయి; చుక్కలేవీ మారలేదు కనుక 7 × 6 కూడా 42 అని వేరే వివరించనక్కరలేదు. నా దృష్టిలో అసలైన లాభం ఇదే: 1 నుంచి 10 వరకు ఉన్న ఎక్కాల్లోని 100 గుణకారాలలో విడిగా నేర్చుకోవలసినవి 55 మాత్రమే మిగులుతాయి.

బొమ్మలకు అలవాటుపడితే ఎక్కాలు నోటికి రావన్నది చాలామందిలో ఉన్న అపోహ. బొమ్మ కంఠస్థానికి ప్రత్యామ్నాయం కాదు, దానికి ముందు రావలసిన మెట్టు. అయితే చుక్కలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం దగ్గరే పిల్లలు ఆగిపోకుండా, వరుసలవారీగా 7, 14, 21 అని చెప్పించి, క్రమంగా కొన్ని వరుసలను కాగితంతో కప్పుతూ రావాలి.