పైరు పచ్చబడితే బియ్యంలో జింక్ పెరిగినట్టేనా?

పుత్తూరు అన్నా, దమ్ములో, అంటే నాట్లకు ముందు బురద దున్నేటప్పుడు, ఎకరాకు 20 కిలోల జింక్ సల్ఫేట్ వేశాక పైరు బాగా కోలుకుందనీ, పాపకు పెట్టే ఇంటి బియ్యంలో కూడా జింక్ పెరుగుతుందా అనీ అడిగారు.

ఆ 20 కిలోలు పైరు లోపాన్ని తీరుస్తాయి, దిగుబడిని కాపాడతాయి. గింజలోకి చేరేది మాత్రం కొంచెమే. గింజలో పెరగాలంటే ఆకుల మీద పిచికారీ చేయాలి, అదీ ఆలస్యంగా: వెన్ను బయటికి రాకముందు పొట్ట దశలో ఒకసారి, పాలు పోసుకునేటప్పుడు ఇంకోసారి. లీటరు నీటికి 5 గ్రాముల జింక్ సల్ఫేట్, ఆకు మాడకుండా 2.5 గ్రాముల సున్నం కలిపి వడకట్టిన తేట. సాయంత్రం పూట కొట్టండి. డీఏపీతో మాత్రం కలపొద్దు, విరిగి అడుగున పేరుకుంటుంది. నేనొకసారి ఆ తప్పు చేసి రోజంతా నాజిల్ కడుక్కున్నాను.

వచ్చే పంట కారుకు విత్తనమే మార్చేయొచ్చు. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ 2016లో విడుదల చేసిన డీఆర్‌ఆర్ ధాన్ 45లో, పాలిష్ పట్టాక కూడా కిలోకు 22 మిల్లీగ్రాములకు పైగా జింక్ ఉంటుంది. మామూలు రకాల్లో 12 నుంచి 16. నా ఓటు దీనికే, ఏటా పిచికారీ కూలీ మిగులుతుంది.

మిల్లులో మరీ తెల్లగా పట్టించకండి. మన వైపు సంగటి ఎలాగూ ఉంది కదా, రాగులు మొలకెత్తించి, ఎండబెట్టి ఆడిస్తే జింక్‌ను ఒంటికి పట్టనీయని ఫైటిక్ ఆమ్లం తగ్గుతుంది. పాపకు డాక్టర్ జింక్ సిరప్ రాసి ఉంటే అది మాత్రం ఆపకండి, పంట చేతికొచ్చేదాకా పాప ఆగదు.