హాస్టల్లో వేస్తే మారిపోతాడా?

హనుమకొండ నుంచి ఒక తండ్రి అడిగారు: "పదో తరగతి మంచి మార్కులతో పాసైన మావాడు తాను అమ్మాయినంటున్నాడు. హైదరాబాద్‌లో అబ్బాయిల రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో చేర్పిస్తే దారికి వస్తాడని బంధువులంటున్నారు. వాడేమో ఇంటి నుంచే వరంగల్ పాలిటెక్నిక్‌కు వెళ్తానంటున్నాడు. ఏది మంచిది?"

అయ్యా, ఇలాంటి ప్రశ్నల్లో కోర్సు పేరే మారుతుంది, బెంగ ఒకటే: నలుగురిలో తలెత్తుకోగలమా, రేపు ఈ బిడ్డ ఎలా బతుకుతుంది?

బతుకు సంగతి ముందు చెబుతాను. ఆదిలాబాద్ రిమ్స్ వైద్య కళాశాలలో ఎంబీబీఎస్ చదివిన ప్రాచీ రాథోడ్, ఆమెతోపాటు రూత్ జాన్‌పాల్, 2022లో ఉస్మానియా ఆసుపత్రిలో ప్రభుత్వ వైద్యులయ్యారు. ఇద్దరూ ట్రాన్స్‌జెండర్ మహిళలే. వాళ్ల దారి సులువుగా సాగలేదు, కానీ చేతిలో డిగ్రీ ఉంది.

ఇక రెసిడెన్షియల్. ఏ బెంగా లేని పిల్లలే అక్కడ నలిగిపోవడం చూస్తున్నాం. గదినిండా అబ్బాయిలు, అందరికీ కలిపి స్నానాల గదులు, ఇంటికి ఫోను చేయాలన్నా వార్డెన్ అనుమతి. మీ బిడ్డ అక్కడ ఏడిపింపులు భరించాలా, ఫార్ములాలు గుర్తుపెట్టుకోవాలా? ఇదంతా ఒక కంప్యూటర్ సైన్స్ సీటు కోసం! ఆ బ్రాంచికి కృత్రిమ మేధ అని తోక తగిలించి కాలేజీలు సీట్లు పెంచుకుంటున్నాయి. పాఠం చెప్పేవాళ్లున్నారా అని అడిగే తల్లిదండ్రులు నాకు అరుదుగా తగులుతారు. అయినా మీరు పంపాలనుకుంటున్నది చదువుకా, శిక్షకా? లక్షలు పోసి శిక్ష కొనకండి.

"మారుస్తాం" అనే డాక్టర్ల జోలికీ పోవద్దు. జాతీయ వైద్య కమిషన్ 2022లోనే ఆ చికిత్సను వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణకు తెచ్చిన 2019 చట్టం ప్రకారం, కోర్టు ఉత్తర్వు ఉంటే తప్ప, ట్రాన్స్‌జెండర్ అన్న కారణంతో పిల్లలను కన్నవారి నుంచి వేరు చేయకూడదు. బలవంతంగా ఇల్లు విడిచిపోయేలా చేసినవారికి 6 నెలల నుంచి 2 ఏళ్ల జైలు. ఆ బలవంతం ఇంటివాళ్లది కూడా కావచ్చు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న విద్యాసంస్థ ఏదైనా వివక్ష చూపకూడదు.

పోలిక అడిగారు కదా. పాలిటెక్నిక్ 3 ఏళ్లు, తర్వాత ఈసెట్ అనే ప్రవేశ పరీక్షతో నేరుగా ఇంజనీరింగ్ రెండో సంవత్సరంలో చేరవచ్చు. ఎంపీసీయే ఇష్టమైతే హనుమకొండలోనే చదవవచ్చు. బ్రాంచి సంగతి బిడ్డనే అడగండి. తను ఒప్పుకుంటేనే ప్రిన్సిపాల్‌కు విషయం చెప్పండి. వేధింపులు ఎదురైతే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోను చేయవచ్చు, జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా సలహా దొరుకుతుంది.

బంధువులకేం చెప్పాలంటారా? పాలిటెక్నిక్‌లో సీటు వచ్చిందని చెప్పండి. ఫీజు వాళ్లేమీ కట్టడం లేదు కదా.