టెంట్ మీద ‘వాటర్‌ప్రూఫ్’ అని ఉంటే చాలా?

ప్రశ్న: మేం నలుగురం స్నేహితులం. డిసెంబరులో బారువ తీరంలో రెండు రాత్రులు ఉండాలనుకుంటున్నాం. విసిరితే రెండు సెకన్లలో విచ్చుకునే టెంట్ ఒకటి ఆన్‌లైన్‌లో చూశాం. నలుగురికి సరిపోతుందని, వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉంది. బస్సులో వెళ్తాం. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: కొనే ముందు ఆ రాతల్ని ఒక్కొక్కటీ చూద్దాం. నలుగురి టెంట్ అంటే నలుగురు భుజాలు ఆనించుకుని పడుకుంటే పట్టేది అని అర్థం, మరి బ్యాగులు, తడి చెప్పులు ఎక్కడ పెడతారు? ఇద్దరేసి పడుకునేలా ముగ్గురి టెంట్లు రెండు తీసుకోండి. చిన్న టెంట్ గాలికి అంతగా ఊగదు, ఒకటి కారినా ఆ రాత్రికి రెండోదాంట్లో సర్దుకోవచ్చు.

విసిరితే విచ్చుకునే రకం మడిచాక చాట కన్నా వెడల్పుగా, గుండ్రంగా ఉంటుంది, బస్సులో పైన పెట్టడానికి కుదరదు. కారు ఉన్నవాళ్లకి బాగుంటుంది. మీకైతే నడిమి పిడిని నొక్కితే గొడుగు తీరుగా తెరుచుకునే రకం నయం, అది పొడవాటి సంచిలో ఇమిడిపోతుంది. ఏది కొన్నా ఆ సెకన్లు టెంట్ నిలబడటానికే, మేకులు దిగ్గొట్టి తాళ్లు బిగించే పని ఎలాగూ మీదే.

ఇక అసలు సంగతి, నీళ్లు. గుడ్డ ఎంత నీటి ఒత్తిడికి ఆగుతుందో మిల్లీమీటర్లలో చెబుతారు. 1500 అని ఉంటే ఆ గుడ్డ మీద మీటరున్నర ఎత్తు నీళ్లు నిలబెట్టే దాకా కారదన్నమాట. మన తీరపు వానకి పై గుడ్డ 2000, మోకాళ్లు, మోచేతులు ఒత్తుకునే అడుగు గుడ్డ 3000 అయినా ఉండాలని నేనంటాను. అసలు అంకే రాయకుండా ఊరికే వాటర్‌ప్రూఫ్ అని మాత్రమే రాసినదాని జోలికి పోవద్దు. అంకె బాగున్నా చాలా టెంట్లు గుడ్డలోంచి కారవు, కుట్ల దగ్గర కారతాయి. లోపలి వైపు కుట్ల మీద మెరిసే టేపు అంటించి ఉందా, మూలల్లో లేచిపోయిందా అని గోటితో గీకి చూడండి.

ఇంకొకటి, ఒకే పొర టెంట్ వద్దు. నలుగురి ఊపిరిలోని తేమ చల్లబడ్డ గుడ్డకి తగిలి తెల్లారేసరికి చుక్కలుగా జారుతుంది, మనం వాన కారిందనుకుంటాం. లోపల జాలీ, పైన విడిగా వాన గుడ్డ, రెండింటి మధ్య ఖాళీ ఉన్నది చూసుకోండి.

టెంట్ వచ్చిన వారంలోనే డాబా మీద వేయండి. లోపల నేలంతా పాత పేపర్లు పరిచి, పై నుంచి పైపుతో ఒక పావుగంట నీళ్లు పట్టండి, ముఖ్యంగా కుట్ల మీద, జిప్పు మీద. ఏ పేపరు తడిసిందో చూస్తే ఎక్కడ కారుతోందో తెలిసిపోతుంది. అప్పుడు కుట్లకి రాసే సీలెంట్ రాసుకోవచ్చు, మరీ కారితే వెనక్కి పంపొచ్చు. మడవడం కూడా ఆ రోజే నేర్చుకోండి. తీరంలో గాలి కొడుతుంటే, చీకట్లో మొదటిసారి మడవబోతే ఎంత టెన్షనో!

బారువ ఇసుకలో మామూలు మేకు నిలవదు, లాగితే వచ్చేస్తుంది. ఖాళీ సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి అడుగు లోతున పాతిపెట్టండి. కింద పట్టా వేస్తే దాని అంచు టెంట్ బయటికి వేలు వెడల్పు కూడా రాకూడదు, వస్తే వాన నీళ్లు దాని మీద పడి నేరుగా మీ పక్క కిందికే చేరతాయి. అల ఆగిన చోట చెత్త గీతలా పడి ఉంటుంది, దానికి బాగా పైన వేసుకోండి, పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు ఇంకా ముందుకొస్తాయి కాబట్టి అక్కడి మత్స్యకారుల్ని అడగడం మంచిది. జనవరిలో గానీ, ఆ తర్వాత గానీ వెళ్తే రాత్రిళ్లు లైట్లు, మంటలు వద్దు, ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి.

లోపల స్టవ్ వెలిగించొద్దు, దోమల చక్రం కూడా. పాలిస్టర్ ఇట్టే అంటుకుంటుంది, మూసిన టెంట్‌లో పొగతో పాటు వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి రంగూ వాసనా ఉండవు.

వాయుగుండం అని వాతావరణ శాఖ చెబితే మాత్రం ప్రయాణం మానేయండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి చెట్లే నేలకొరిగాయి, టెంట్ ఎంత.

ప్రశ్న: తాటిపూడి దగ్గర వానలో తడిసిన టెంట్‌ని అలాగే మడిచి తెచ్చాం. వారం తర్వాత విప్పితే నల్ల మచ్చలు, వాసన. వాషింగ్ మెషిన్‌లో వేయొచ్చా?
– ఒక పాఠకురాలు, గజపతినగరం

జవాబు: మెషిన్ వద్దమ్మా, నీళ్లని ఆపే పూత ఊడిపోతుంది. చల్లటి నీళ్లలో కొంచెం మెత్తటి సబ్బు వేసి స్పాంజితో రుద్ది, నీడలో పూర్తిగా ఆరనివ్వండి. వాసన చాలావరకు తగ్గుతుంది, మచ్చలు పోకపోవచ్చు, దాని వల్ల నష్టం లేదు. లోపలి పూత చేతికి జిగురుగా తగిలినా, పొలుసుల్లా రాలినా ఆ టెంట్‌ని వానకి నమ్ముకోకండి. ఈసారి తడిగా మడిచి తెస్తే ఆ రోజే ఇంట్లో దండెం మీద వేసేయండి. చింతపల్లి బీచ్‌కి తీసుకెళ్తే వచ్చాక జిప్పులు మంచినీళ్లతో కడగాలి, ఉప్పు పట్టి బిగుసుకుపోతాయి.