ఐసీయూ డాక్టరయితే సొంత క్లినిక్ ఉండదని భయపడతాండే ఒక నాయనకు

కర్నూలు నుంచి ఒకన్న అడిగినాడు. పాప కర్నూలు మెడికల్ కాలేజీలోనే ఎంబీబీఎస్ సెకండియర్, వాళ్ల జేజి జ్వరంతో ఐసీయూలో చేరి సెప్సిస్ అని పోయినప్పట్నించి నేను ఐసీయూ డాక్టర్నే అవుతా, సెప్సిస్ మీద రీసెర్చ్ చేస్తా అంటాందంట, క్లినిక్ పెట్టుకునే దారి లేని ఈ లైనుకు పంపాల్నా, గైనకాలజీ చేసుకోమని చెప్పాల్నా అని.

పంపించండన్నా. క్లినిక్ విషయం మీరన్నది నిజమే, ఆస్పత్రిలో జీతానికే పని, నైట్ డ్యూటీలు ఉంటాయి. చదువు కూడా పొడుగే, ఎంబీబీఎస్, ఇంటర్న్‌షిప్ అయినాక జనరల్ మెడిసిన్, అనస్థీషియా లాంటి దాంట్లో ఎండీ మూడేళ్లు, ఆపైన క్రిటికల్ కేర్‌లో, అంటే ఐసీయూ వైద్యంలో, డీఎం గానీ డీఆర్ఎన్‌బీ గానీ అనే సూపర్ స్పెషాలిటీ చదువు ఇంకో మూడేళ్లు. ఇంట్లో దీనికి ఒప్పుకునే దిగాల.

ఇక రీసెర్చ్. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్‌తో కొట్లాడబోయి ఒళ్లే అదుపు తప్పి సొంత కిడ్నీలు, ఊపిరితిత్తుల్ని దెబ్బతీసుకోవడం, 2017 లో ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 1.1 కోట్ల మంది దీంతో పోయినారని అంచనా. 2001 లో అమెరికాలో ఒక స్టడీ, పెద్ద సిరలోకి పైపేసి కొలతలు చూసుకుంటా మొదటి 6 గంటలు ఒక పద్ధతిలో వైద్యం చేస్తే చావులు తగ్గుతాయని చెప్పింది, చానా దేశాల్లో అదే పట్టుకున్నారు, 2014, 2015 లో మూడు పెద్ద ట్రయల్స్ చేసి చూస్తే తొందరగా గుర్తుపట్టి చేసే మామూలు మంచి వైద్యం కంటే దాంతో ఎక్కువ లాభం లేదని తేలింది. అంటే తొందరగా గుర్తుపట్టడమే అసలు పని.

మన పక్క స్క్రబ్ టైఫస్ అనే జ్వరం చూడండి, చిన్న పురుగు కుడితే వస్తాది, కుట్టిన చోట నల్లటి పెచ్చు చంకలోనో గజ్జల్లోనో ఉండొచ్చు, వెతికితే గానీ కనపడదు, ఆ జ్వరానికి అందరికీ వేసే సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు, డాక్సీసైక్లిన్ పడాల. లండన్ వార్డుల్లో ఇట్లాంటి కేసులు ఎన్ని వస్తాయి? ఇట్లాంటి జ్వరాల లెక్కలు తీయాల్సింది మన కర్నూలు, కడప, అనంతపురం పిల్లోళ్లే, నాకు గట్టి నమ్మకం.

పాప ఎండీ దాకా ఆగాల్సిన పనిలేదు. దేశంలో వైద్య పరిశోధనలు చూసుకునే ఐసీఎంఆర్ వాళ్లు ఎంబీబీఎస్ పిల్లలకు రెండు నెలల షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ ఇస్తారు, కాలేజీలో ఒక గైడ్‌ను పట్టుకుని ప్రపోజల్ పెట్టాల, ఎథిక్స్ కమిటీ పర్మిషన్ తీసుకోవాల. ప్రశ్న మాత్రం చిన్నది పెట్టుకోమనండి. సెప్సిస్ అనుమానంతో క్యాజువాలిటీకి వచ్చినోళ్ల కేస్ షీట్లో డాక్టరు యాంటీబయాటిక్ రాసిన టైమెంత, నర్సు ఆ ఇంజెక్షన్ ఇచ్చి సంతకం పెట్టిన టైమెంత, మధ్యలో ఎంతసేపు పోయింది, ఎందుకు పోయింది, రక్తంలో క్రిములు చూసేదానికి కల్చర్ సీసా దొరకలేదా, మందు కోసం పేషెంటు తాలూకు వాళ్లు బయటికి పరిగెత్తినారా. సెప్సిస్‌తో బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నోళ్లకు గంటలోపల ఆ మందు పడాలని సెప్సిస్ వైద్యం మీద 2021 లో వచ్చిన అంతర్జాతీయ గైడ్‌లైన్స్ చెప్తాయి, మన దగ్గర ఎంతసేపు పడతాందో రాసిపెడితే ఆ వార్డుకే పనికొస్తాది.

జేజి పోయిన బాధలో అంటాందిలే అని తీసిపారేయొద్దండి. అనస్థీషియానా మెడిసినా అన్నది ఇంటర్న్‌షిప్‌లో ఐసీయూలో నాలుగు రాత్రులు నిలబడినాక తనే తేల్చుకుంటాది, అందాక గైనకాలజీ మాట ఎత్తకండి.