డిజిటల్ అంతరంపై పని చేయాలంటే ఏం చదవాలి?

ప్రశ్న: మాది పాడేరు ప్రాంతంలోని ఒక గిరిజన గ్రామం. బీఏ (ఎకనమిక్స్) ఆఖరి సంవత్సరం చదువుతున్నాను. కొవిడ్ రోజుల్లో ఆన్‌లైన్ తరగతుల కోసం మా ఊరి పిల్లలమంతా సిగ్నల్ దొరికే కొండ మీదికెక్కి కూర్చునేవాళ్లం. ఈ ఏడాది మా పాఠ్యాంశంలో ‘ప్రపంచవ్యాప్తంగా సాంకేతికత, ఇంటర్నెట్ అందుబాటులో అసమానతలకు కారణాలు’ అనే భాగం చదివినప్పటి నుంచి దీని మీదే పని చేయాలనిపిస్తోంది. మా నాన్నగారు మాత్రం హైదరాబాద్ వెళ్లి ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సులో చేరమంటున్నారు. ఈ ఆసక్తిని నమ్ముకుంటే ఉపాధి దొరుకుతుందా? ఏ కోర్సు ఎంచుకోవాలి?

జవాబు: డిజిటల్ అంతరం, అంటే సాంకేతికత, ఇంటర్నెట్ అందుబాటులో ఉన్న అసమానత, ఒక సమస్య పేరే తప్ప ఒక శాస్త్రం పేరు కాదు కనుక, ఆ పేరుతో డిగ్రీ కోసం వెతికితే మీకు నిరాశే ఎదురవుతుంది. టవర్లు నిలబెట్టే ఇంజినీరు, ధరలను విశ్లేషించే ఆర్థికవేత్త, నిబంధనలు రాసే న్యాయనిపుణుడు, ఊళ్లో మహిళలకు ఫోన్ వాడకం నేర్పే కార్యకర్త అందరూ ఈ సమస్య మీదే, వేర్వేరు కొసల నుంచి పని చేస్తున్నారు. అందువల్ల కోర్సు గురించి ఆలోచించే ముందు, ఈ అసమానతకు ఉన్న కారణాల్లో దేని మీద పని చేయాలనుకుంటున్నారో మీరు తేల్చుకోవాలి. ఆ కారణాలను కాస్త విస్తారంగానే చెబుతాను.

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ సంఘం అంచనా ప్రకారం 2024లో ప్రపంచంలో సుమారు 550 కోట్ల మంది ఇంటర్నెట్ వాడుతుండగా, 260 కోట్ల మంది దానికి దూరంగానే ఉన్నారు. సంపన్న దేశాల్లో 93 శాతం మంది వాడుతుంటే, అల్పాదాయ దేశాల్లో వాడేవారు 27 శాతమే. దూరంగా ఉన్న వీరందరి ఊళ్లలోనూ టవర్ లేదని అనుకోవడం సహజం కానీ, అది నిజం కాదు. మొబైల్ సంస్థల అంతర్జాతీయ సమాఖ్య జీఎస్‌ఎంఏ లెక్కల్లో మొబైల్ ఇంటర్నెట్ సిగ్నలే అందని చోట నివసించేవారు ప్రపంచ జనాభాలో 4 శాతం మాత్రమే; సిగ్నల్ తమ ఇంటి దాకా వచ్చినా వాడనివారు అంతకు దాదాపు పది రెట్లు ఉన్నారు. మీరు ఆ 4 శాతంలోని అనుభవంతో వచ్చారు కాబట్టి మీకు టవరే ముందు గుర్తుకొస్తుంది. దాని సంగతే ముందు చూద్దాం.

కొండ ప్రాంతంలో ఒక టవర్ నిలబెట్టడానికి మైదానంలో కంటే ఎక్కువ ఖర్చవుతుంది. కరెంటు నిలకడగా ఉండకపోతే డీజిల్ మోయాలి. టవర్ నుంచి పట్టణం దాకా సమాచారాన్ని చేరవేసేందుకు ఫైబరో మైక్రోవేవ్ లంకెనో ఏర్పాటు చేయాలి. ఇంతా చేశాక దాని పరిధిలోకి వచ్చే ఇళ్లు కొన్ని వందలకు మించకపోతే, ఆ రీఛార్జిలతో పెట్టుబడి తిరిగిరాదు. మార్కెట్ చేయలేని ఈ పని కోసమే మన దేశంలో టెలికాం సంస్థల సవరించిన స్థూల ఆదాయంలో 5 శాతాన్ని సార్వత్రిక సేవా నిధికి మళ్లిస్తున్నారు. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దానికి డిజిటల్ భారత్ నిధి అని పేరు మార్చింది. అయితే అలా వసూలైన సొమ్ములో పెద్ద భాగం ఏళ్ల తరబడి ఖర్చు కాకుండా ఉండిపోయింది. గ్రామ పంచాయతీలన్నింటికీ ఫైబర్ వేయాలని 2011లో ఆమోదించిన పథకమే నేటి భారత్‌నెట్. దాని గడువులు పదే పదే వెనక్కి జరిగాయి, 2023 ఆగస్టులో రూ.1.39 లక్షల కోట్లతో దాన్ని మళ్లీ రూపుదిద్దవలసి వచ్చింది. అంటే డబ్బు ఒక్కటే లోపం కాదు. పంచాయతీ కార్యాలయం దాకా వచ్చిన తీగను ఎవరు చూసుకోవాలి, తెగితే ఎవరు అతకాలి అనే ప్రశ్నలకు సమాధానం లేకపోవడం అంతకంటే పెద్ద లోపమని నా అభిప్రాయం. తెలుగు రాష్ట్రాల అనుభవం కూడా చదవదగినదే: తెలంగాణ మిషన్ భగీరథ నీటి గొట్టాల కందకాల్లోనే ఫైబర్ గొట్టాలను పరిస్తే, ఆంధ్రప్రదేశ్ కరెంటు స్తంభాల మీదుగా తీగలు లాగింది. రెండూ ఖర్చు తగ్గించే ఉపాయాలే. గాలివాన వచ్చినప్పుడు ఏది నిలబడుతుందో, తెగిన చోటును ఏది త్వరగా చూపిస్తుందో పోల్చి చూస్తే అది మంచి ఎంఏ పరిశోధనాంశం అవుతుంది.

ప్రపంచ స్థాయిలో ఈ కారణమే మరో రూపం తీసుకుంటుంది. ఖండాల మధ్య సమాచారంలో 95 శాతానికి పైగా సముద్రగర్భ కేబుళ్ల గుండానే సాగుతుంది కాబట్టి, తీరం లేని చాద్, నైజర్ వంటి దేశాలు పొరుగు దేశాల మీదుగా ఆ సౌకర్యాన్ని కొనుక్కోవాలి. ఆఫ్రికా తూర్పు తీరంలోని కెన్యా వంటి దేశాలకు తీరం ఉన్నా, 2009లో తొలి కేబుల్ చేరే వరకు ఖరీదైన ఉపగ్రహాలే గతి. 2022 జనవరిలో అగ్నిపర్వతం బద్దలై టోంగా దేశపు ఏకైక అంతర్జాతీయ కేబుల్ తెగిపోతే, దాన్ని సరిచేయడానికి దాదాపు ఐదు వారాలు పట్టింది. 2024 మార్చిలో ఐవరీ కోస్ట్ తీరాన కేబుళ్లు దెబ్బతిన్నప్పుడు పశ్చిమాఫ్రికాలో పలు దేశాలు ఒకేసారి ఇబ్బంది పడ్డాయి. వీటన్నిటికీ అడుగున ఇంకో కారణం ఉంది: సహారా దిగువ ఆఫ్రికాలో ఇప్పటికీ సుమారు 60 కోట్ల మందికి విద్యుత్తే లేదు.

తర్వాతిది ధర. ప్రాథమిక స్థాయి బ్రాడ్‌బ్యాండ్ ఖర్చు తలసరి నెలసరి ఆదాయంలో 2 శాతానికి మించకూడదని ఐక్యరాజ్యసమితి బ్రాడ్‌బ్యాండ్ కమిషన్ లక్ష్యం పెట్టుకుంది; పేద దేశాల్లో చాలా వరకు ఆ గీత దాటే ఉన్నాయి. మన దేశంలో 2016 సెప్టెంబరులో జియో రంగప్రవేశం చేశాక డేటా ధరలు ఒక్కసారిగా పడిపోయాయి కాబట్టి, ఇక్కడ అడ్డుగోడ డేటా కంటే ఫోనే. అంతకంటే ముఖ్యంగా, ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందన్నది. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ‘ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడారా’ అని అడిగినప్పుడు దేశం మొత్తం మీద మహిళల్లో 33.3 శాతం, పురుషుల్లో 57.1 శాతం అవునన్నారు. ఆంధ్రప్రదేశ్‌లో అవునన్న మహిళలు 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. ప్రపంచమంతటికీ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లను పంపే మన రెండు రాష్ట్రాల్లోనూ మహిళల వాడకం జాతీయ సగటు కంటే తక్కువగా నమోదైందంటే, ఈ అంతరం దేశాల మధ్యే కాదు, ఒకే ఇంటి గోడల మధ్య కూడా ఉందని అర్థం. ఆ అంకెలు పాతబడ్డాయి, ఇప్పటి పరిస్థితి మెరుగుపడి ఉంటుంది. అయినా ఆ తేడా వెనుక ఉన్న కారణాలు రీఛార్జి ధరతో పాటు మారిపోయేవి కావు.

భాష విషయంలో మీకు నాకంటే ఎక్కువ అనుభవం ఉంటుంది. వెబ్‌సైట్లలో సుమారు సగం ఆంగ్లంలోనే ఉన్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం 8.1 కోట్ల మంది మాతృభాష అయిన తెలుగుకే అక్కడ చిటికెడు చోటు దక్కితే, మీ ఏజెన్సీలో వినిపించే కువి, ఆదివాసీ ఒడియా వంటి భాషల సంగతి చెప్పనక్కర్లేదు. చదవగలిగే భాషలో పనికొచ్చే విషయం కనిపించనప్పుడు ‘మాకెందుకు ఇంటర్నెట్’ అనే మాట రావడం అజ్ఞానం కాదు, సబబైన లెక్కే. అయితే ప్రభుత్వ సేవలన్నీ ఆన్‌లైన్‌లోకి మారిపోయాక ఆ లెక్క ఖరీదైనదిగా మారుతుంది. 2021లో 18-44 ఏళ్ల వారు కొవిడ్ టీకాకు కోవిన్ పోర్టల్‌లో నమోదు కావాలన్నప్పుడు, డిజిటల్ సౌకర్యం లేనివారి మాటేమిటని సుప్రీంకోర్టే ప్రభుత్వాన్ని నిలదీసింది.

ప్రభుత్వ నిర్ణయాలూ కారణాలే. జమ్మూ కశ్మీర్‌లో 2019 ఆగస్టులో ప్రభుత్వం ఆపిన 4జీ సేవలు అక్కడంతటా తిరిగొచ్చింది 2021 ఫిబ్రవరిలో. అమెరికాలో సుమారు 2.3 కోట్ల కుటుంబాలకు ఇంటర్నెట్ బిల్లులో రాయితీ ఇచ్చిన పథకం నిధులు అయిపోయి 2024లో ముగిసింది.

ఇక మీ చదువు సంగతి. టవర్లు, ఫైబర్ రూపకల్పన ఇంజినీరింగ్ చదివినవారి పని. ఇండియన్ టెలికాం సర్వీసుకూ ఆ డిగ్రీయే కావాలి. బీఏతో ఆ దారి మూసుకుపోయిందని బాధపడవలసింది ఏమీ లేదు, ఎందుకంటే పైన చెప్పిన అంకెలను బట్టి పెద్ద ఖాళీ టవర్ దిగువన ఉంది. ధరలు, నిధులు, నియంత్రణ వైపు మనసు లాగితే ఎంఏ ఎకనమిక్స్ చేయండి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏపీ పీజీసెట్, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయానికి సీయూఈటీ-పీజీ రాయాలి. ఆ పీజీతో ఇండియన్ ఎకనమిక్ సర్వీసు పరీక్షకూ అర్హత వస్తుంది. టెలికాం ధరలను అధ్యయనం చేసే పరిశోధన సంస్థల్లోనూ అవకాశాలుంటాయి. ప్రజల మధ్య ఉండి పని చేయాలనుకుంటే టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, బెంగళూరులోని అజీమ్ ప్రేమ్‌జీ విశ్వవిద్యాలయం, రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అందించే అభివృద్ధి అధ్యయన కోర్సులను పరిశీలించండి. అజీమ్ ప్రేమ్‌జీలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు సాయం ఉంటుంది. మీరు షెడ్యూల్డ్ తెగకు చెందినవారైతే కేంద్రీయ సంస్థల్లో 7.5 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది కనుక, కుల ధ్రువపత్రాన్ని ఇప్పుడే సిద్ధం చేసి ఉంచుకోండి. భాష వైపు ఆసక్తి ఉంటే హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలోని అనువర్తిత భాషాశాస్త్ర, అనువాద అధ్యయన కేంద్రం ఉంది. గిరిజన భాష తెలిసిన విద్యార్థులు అక్కడ అరుదు, అక్కడికి వచ్చే పోటీదారుల్లో ఎక్కువ మందికి లేని బలం అది.

మీ ప్రశ్నను బట్టి నేను అయితే రెండో దారినే, అంటే అభివృద్ధి అధ్యయనాలనే సూచిస్తాను. ఈ రంగంలో మొదటి జీతం సాధారణంగా సాఫ్ట్‌వేర్ జీతం కంటే తక్కువ, తొలి ఉద్యోగాలు చాలా వరకు ఒప్పంద పద్ధతిలోనే ఉంటాయి అన్నది మాత్రం దాచకుండా మీ ఇంట్లో చెప్పండి. నాన్నగారి మాటను పూర్తిగా తోసిపుచ్చవద్దు కూడా. ఎక్సెల్, ప్రాథమిక గణాంకశాస్త్రం, ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ పటాల సాఫ్ట్‌వేర్, వీలైతే కొద్దిగా పైథాన్ నేర్చుకోవడానికి డిగ్రీ పరీక్షల తర్వాతి వేసవి సరిపోతుంది. ఇవి తెలిసిన అభివృద్ధి రంగ విద్యార్థికి గిరాకీ వేరు. ఉద్యోగం గ్యారంటీ అంటూ పెద్ద మొత్తం ముందే కట్టమనే శిక్షణ కేంద్రం ఎక్కడిదైనా, అందులో ఇప్పటికే చదివిన ఇద్దరితో మాట్లాడనిదే చేరవద్దు.

ఈలోగా ఒక పని చేయండి. పైన చెప్పిన అయిదో కుటుంబ ఆరోగ్య సర్వే జిల్లా నివేదికల్లో మీ అల్లూరి సీతారామరాజు జిల్లా మీకు కనిపించదు, ఎందుకంటే ఆ జిల్లా 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది. మీ ఊరి లెక్క విశాఖపట్నం నగరంతో కలిపి సగటు తీసిన పాత జిల్లా అంకెల్లో కలిసిపోయింది. కాబట్టి మీ ఊరూ, చుట్టుపక్కల రెండు ఊళ్లూ కలిపి ఒక 60 ఇళ్లకు వెళ్లి, ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయి, అవి ఎవరి దగ్గర ఉంటాయి, నెలకు రీఛార్జికి ఎంత పెడుతున్నారు, సిగ్నల్ ఏ చోట దొరుకుతుంది, ఏ పని కోసం సచివాలయానికి వెళ్లవలసి వస్తోంది అని అడిగి రాసుకోండి. మహిళలను విడిగా అడగండి. మగవారి ఎదుట వచ్చే జవాబు వేరుగా ఉంటుంది. పది పేజీల నివేదికగా దాన్ని ముందు తెలుగులో రాసి, తర్వాత ఆంగ్లంలోకి మార్చి, మీ అధ్యాపకుల చేత దిద్దించుకోండి. సీయూఈటీ-పీజీ దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో మొదలవుతాయి, ఇంటర్వ్యూలు నిర్వహించే సంస్థలు ఆ తర్వాత పిలుస్తాయి కనుక, సంక్రాంతి సెలవుల్లోపు ఆ ఇళ్లన్నీ తిరగడం పూర్తిచేయగలిగితే సమయం సరిపోతుంది.